ఆదిశేషు తెల్లబడిన వైనం

అమెరికాలో తెల్లబడటానికి క్రీములూ సబ్బులూ దండగ! ఎవరైనా మిమ్మల్ని రంగు చూసి గుమ్మం దగ్గర ఆపితే, వెంటనే వాళ్ళ మీద ఫెడరల్ కోర్టులో దావా వెయ్యండి. వాళ్ళ లాయరే మిమ్మల్ని తెల్లవాళ్ళని చేసిపెడతాడు. నమ్మరా? అయితే ఆదిశేషు సంగతి వినండి.

ఎనభైల మొదట్లో ఆదిశేషు కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. పెయింట్ల కంపెనీలో కెమిస్టు. తెలుపులో ఎన్ని రకాలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. భార్య వసుమతి, పదేళ్ళ కూతురు విద్య. వీధి చివర ఒక ప్రైవేటు స్విమ్మింగ్ క్లబ్బు ఉండేది. ఎండలు ముదిరితే వీధిలో పిల్లలంతా అందులోనే! విద్య మాత్రం ఫెన్సు పట్టుకుని బయట నిలబడేది.

"డాడీ, జెన్నీ వెళ్తుంది, టామీ వెళ్తుంది. నేను ఎందుకు నో?"

టామీ మగపిల్లాడని దిద్దే ఓపిక ఆదిశేషుకి లేదు. టై కట్టుకుని వెళ్ళి అప్లై చేశాడు. క్లబ్బు ప్రెసిడెంటు హాడ్జ్ ఎంతో మర్యాదగా, "సారీ, ఖాళీ లేదు" అన్నాడు. మరుసటి వారమే, పక్కింట్లో కొత్తగా దిగిన తెల్లాయన కుటుంబం తువ్వాళ్ళు భుజాన వేసుకుని దర్జాగా లోపలికి నడిచింది. ఎంత దయ! ఉన్నవాళ్ళు కాస్త ఒదిగి కూర్చుని వాళ్ళకి చోటిచ్చి ఉంటారు.

"పోనిద్దురూ, మనకెందుకొచ్చిన గొడవ?" అంది వసుమతి.

పోనిచ్చేవాడే. కానీ ఆ సాయంత్రం విద్య బాత్‌రూమ్‌లో మోచేతులు కందిపోయేలా సబ్బుతో రుద్దుకుంటూ కనిపించింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"టామీ చెప్పింది. ఇది పోతే రానిస్తారంట."

మర్నాడు ఆదిశేషు ఓక్లండ్‌లో లాయరు ముందు కూర్చున్నాడు.

లాయరు మిస్ కోల్‌మన్ నల్లజాతి మహిళ. "అది ప్రైవేటు క్లబ్బు కదా, వాళ్ళ మీద కేసు నిలుస్తుందా?" అని ఆదిశేషు నసిగాడు. నిలుస్తుందంది ఆవిడ. బానిసత్వాన్ని పోగొట్టిన సివిల్ వార్ ముగిసిన కొత్తలో చేసిన చట్టం ఒకటుంది; ఒప్పందాలు చేసుకోవడంలో తెల్లవాళ్ళకున్న హక్కే అందరికీ ఉండాలని అందులో ఉంది; ప్రభుత్వం మీదే కాదు, ప్రైవేటువాళ్ళ మీద కూడా దాన్ని పట్టుకుని ఫెడరల్ కోర్టుకెక్కవచ్చు. అలా శాన్‌ఫ్రాన్సిస్కోలో దావా పడింది.

క్లబ్బు లాయరు సామాన్యుడు కాడు. లైబ్రరీలో పాత పుస్తకాలన్నీ తిరగేసి ఒక గొప్ప సత్యం కనిపెట్టాడు. భారతీయులు కాకేషియన్లు! అంటే తెల్లవాళ్ళే! తెల్లవాణ్ణి తెల్లవాళ్ళు రానివ్వకపోతే అది జాతి వివక్ష ఎలా అవుతుంది? కనుక కేసు కొట్టెయ్యండి!

ఇంత పెద్దమనసు ఎక్కడైనా చూశారా? పూల్‌లోకి రానివ్వలేదు గానీ జాతిలోకి రానిచ్చారు!

ఆ వాదన విని ఆదిశేషు ముందు మండిపడ్డాడు. తరవాత, బయటికి చెప్పుకోలేదు గానీ, లోపల ఎక్కడో కాస్త చల్లబడ్డాడు కూడా. శనివారం తెలుగువాళ్ళ డిన్నర్‌లో కూర గిన్నె అందిస్తూ అందిస్తూ సంగతి బయటపెట్టాడు.

"కంగ్రాచ్యులేషన్సండీ!" అన్నాడు స్నేహితుడు రాజగోపాల్. "ఆ లాయరు నంబరు ఇవ్వండి. మా మరదలికి సంబంధం వచ్చింది, అబ్బాయి వాళ్ళు ఫెయిర్‌గా ఉండాలంటున్నారు."

అందరూ నవ్వారు. వసుమతి కారెక్కాక అంది: "ఇన్నేళ్ళూ మొహానికి శనగపిండి పట్టించింది నేను. తెల్లబడింది మీరు!"

విచారణ రోజు క్లబ్బు సభ్యులతో బెంచీలు నిండిపోయాయి. హాడ్జ్ బోనెక్కాడు. మిస్ కోల్‌మన్ లేచింది.

"మిస్టర్ హాడ్జ్, నా క్లయింటు తెల్లవాడని మీ లాయరు అంటున్నారు. మీరూ ఒప్పుకుంటారా?"

హాడ్జ్ తన లాయరు వైపు చూశాడు. వెనక కూర్చున్న సభ్యుల వైపు చూశాడు. "ఒప్పుకుంటాను" అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా.

"మీరెంత తెల్లవారో అంతా?"

"...అంతే."

జడ్జి కళ్ళజోడు తీశాడు. "అయితే ఇంకేం! ఇవాళే చేర్చుకోండి. అందరం ఇళ్ళకి పోదాం."

"అదెలా కుదురుతుంది యువరానర్!" హాడ్జ్ నిజంగానే హడలిపోయాడు. "ఆయన్ని ఒకసారి చూడండి! తెల్లవాడెలా అవుతాడు?"

క్లబ్బు లాయరు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. లంచ్ వేళకి రాజీ కుదిరింది. ఆ వేసవిలో విద్య పూల్‌లోకి దభేలున దూకింది. ఒడ్డున కూర్చున్న హాడ్జ్ గారు నిలువునా తడిశారు. వసుమతి చాలాసేపు నవ్వింది.

కథ ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ మరుసటి ఏడాది క్లబ్బు ఆదిశేషుని కొత్త సభ్యుల్ని ఎంచే కమిటీలో వేసుకుంది! వచ్చినవాళ్ళందరికీ ఆయన్ని చూపించి పరిచయం చేసేవారు. ఆదిశేషు పొంగిపోయి కొత్త షూస్ కొనుక్కున్నాడు.

ఆయన కూర్చున్న మొదటి మీటింగులోనే జెంకిన్స్ అనే ఫైర్ కెప్టెన్ అప్లికేషన్ వచ్చింది. నల్లజాతివాడు, ఇద్దరు పిల్లలు. వద్దనేవాళ్ళు చేతులెత్తమంటే, ఒక్కటి తప్ప అన్ని చేతులూ పైకి లేచాయి. ఆదిశేషు చెయ్యి లేవలేదు.

"ఇది రంగు సంగతి కాదు, మై ఫ్రెండ్" అని హాడ్జ్ ఆదిశేషు భుజం మీద చెయ్యి వేశాడు. "మమ్మల్ని ఎవరు మాత్రం ఏమంటారు? నువ్వున్నావుగా!"

తననెందుకు కమిటీలో వేసుకున్నారో ఆదిశేషుకి అప్పుడు అర్థమైంది. అక్కణ్ణించి నేరుగా జెంకిన్స్ ఇంటికి వెళ్ళి మిస్ కోల్‌మన్ ఫోన్ నంబరు ఇచ్చాడు.

"కేసు పెట్టండి."

జెంకిన్స్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీరూ ఆ కమిటీలోనే కదా? మీ మీద కూడా పడుతుంది."

"పడనివ్వండి. నా పేరు స్పెల్లింగ్ కష్టం, రాసుకోండి."

ఈసారి కోర్టులో ఎవరూ ఏ పుస్తకమూ తిరగెయ్యలేదు. కాకేషియన్ అన్న మాటే ఎత్తలేదు. ప్రతివాదుల బెంచీ మీద హాడ్జ్ గారు కాస్త జరిగి చోటిచ్చారు. ఆదిశేషు వెళ్ళి తెల్లవాళ్ళ పక్కన కూర్చున్నాడు.