లెక్కకు రాని వాషర్

మెకానిక్ తన కారు బ్లో-ఆఫ్ వాల్వ్ మూత విప్పి చూస్తే స్ప్రింగ్ కింద మూడు వాషర్లున్నాయి. అప్పుడు ఉదయం ఏడైంది. ఎనిమిదిన్నర దాటకుండా భార్యను ఎక్కించుకుని బయలుదేరి, పదిలోపు కొండ మీది ఆసుపత్రిలో దింపాలి. ఆమె ఆపరేషన్ థియేటర్ నర్సు. అక్కడ హెడ్ నర్సు పోస్టుకు ఇంటర్వ్యూ. ఆ పోస్టు కోసం తొమ్మిదేళ్ళుగా చూస్తోంది. కొండ మీదికి బస్సు మధ్యాహ్నానికి గాని లేదు.

చిక్కంతా కారుదే. టర్బో ఊదిన గాలి పైపులో నిలిచి ఇంజన్‌కు అందాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రం, ఆ గాలి వెనక్కి తన్నకుండా ఈ వాల్వ్ తెరుచుకుని బయటికి వదలాలి. కారుతో వచ్చిన వాల్వ్‌లో స్ప్రింగ్ మెత్తబడి, ఎత్తు ఎక్కేటప్పుడు సగం గాలిని ముందే వదిలేస్తోంది. పోయిన వారం కొండదారిలో మూడో మలుపు దగ్గరే కారు ఆయాసపడి ఆగిపోయింది. అందుకని నిన్న మధ్యాహ్నం మెకానిక్, భార్య కళ్ళముందే స్ప్రింగ్ కింద ఒక వాషర్ వేసి బిగించాడు. ఒక్కటే.

ఈ ఉదయం వీధి చివరిదాకా నడిపి యాక్సిలరేటర్ వదలగానే, బానెట్ కింద పావురం ఇరుక్కుని రెక్కలు కొట్టుకున్నట్టు టపటపమంది. స్ప్రింగ్ మరీ బిగిసి వాల్వ్ తెరుచుకోనప్పుడు వచ్చే చప్పుడది. తన కారులో ఆ చప్పుడు రావడానికి వీల్లేదని మెకానిక్‌కు అందరికంటే బాగా తెలుసు.

"దీని మీద ఎవరు చెయ్యి పెట్టారు?" అన్నాడు. అరిచే ఓపిక అతనికి ఎప్పుడో అయిపోయింది.

వరండాలో పేపరు చదువుతున్న మామగారు తల ఎత్తాడు. ఆయన బాయిలర్ ఆపరేటర్‌గా రిటైరై ఆరేళ్ళయింది గాని, ఆ బాయిలర్ దగ్గర్నుంచి ఇంకా ఇంటికి రాలేదు. రోజూ సాయంత్రం అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆవిరి గురించి చెబుతాడు. కూతురు వచ్చి "ఇక చాలు నాన్నా" అనేదాకా చెబుతూనే ఉంటాడు.

"ఒకటి నాది అల్లుడుగారూ. ఐదింటికి లేచి మీ పని ఎలా ఉందోనని విప్పి చూశాను. మీరు వాషర్ వెయ్యడమే మర్చిపోయారు. పొద్దున్నే మీ పరువు తియ్యడం దేనికని నేనే ఒకటి వేసి మూసేశాను."

"నేను మర్చిపోయానా?"

"మరి లోపల ఒక్కటీ లేదే."

మెకానిక్ ఆ మాట సాగనివ్వలేదు. చప్పున, మెట్ల మీద ఫోను చూసుకుంటున్న బావమరిది వైపు తిరిగాడు.

"రెండు నావి బావా," అన్నాడు బావమరిది ఫోన్లోంచి కళ్ళెత్తకుండా. "వీడియోలో మూడు వెయ్యమన్నాడు. ఆరింటికి విప్పి చూస్తే ఒకటే ఉంది. నీది మరీ పీనాసి చెయ్యి."

"వీడియోలో ఉన్నది ఈ కారేనా?"

"కారు వేరు. రంగు ఇదే."

"నేను పళ్ళు తోముకునేలోపు ఈ ఇంట్లో ఇంజన్ రెండుసార్లు విప్పారన్నమాట."

అప్పుడే భార్య సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని బయటికి వచ్చి, మెకానిక్ తీసి పళ్ళెంలో పెట్టిన వాషర్లు చూసింది. థియేటర్లో కడుపు కుట్టేముందు కత్తెరలూ దూది ముక్కలూ లెక్కపెట్టడం ఆమె పని. లెక్క సరిపోతేనే కుడతారు. ఇంట్లో చెంచాలు కడిగినా ఆమె లెక్కపెట్టాకే లోపల పెడుతుంది.

"నా కళ్ళముందు మీరొకటి వేశారు. నాన్న ఒకటి. తమ్ముడు రెండు. మొత్తం నాలుగు. ఇక్కడ మూడే ఉన్నాయి."

"ఎక్కడో పడుంటుందిలే. మూసేస్తాను."

"ఎక్కడో అంటే? వాల్వ్ కింద పైపు, పైపు చివర ఇంజన్. అందులో పడితే కొండెక్కేది కారా, దాని పొగా? లెక్క తేలందే మూయడానికి లేదు."

ఆమె ఆ గొంతుతో చెబితే సర్జన్లే ఆగుతారు. మెకానిక్ పైపులు విప్పడం మొదలుపెట్టాడు. బావమరిది ఒక పైపును చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపాడు. దాని క్లిప్పు స్క్రూ ఎగిరి మురిక్కాలవలో పడింది. ఇప్పుడు వెతకవలసినవి రెండయ్యాయి. మామగారు రెండో పైపులో బకెట్టు నీళ్ళు పోశాడు, కడిగితే వస్తుందని. వాషర్ రాలేదు. తడి పైపు ఆరబెట్టడానికి భార్య లోపల్నుంచి ఇస్త్రీ పెట్టె తెచ్చింది. మెకానిక్ ప్రతి పైపులోకీ టార్చి వేసి చూశాడు, దొరకదని ముందే తెలిసినవాడి ముఖంతో.

ఎనిమిదింటికి మామగారు సుత్తి, ఉలి పట్టుకుని వచ్చాడు.

"ఇక మిగిలింది టర్బో ఒక్కటే. పగలగొడదాం అల్లుడుగారూ. బాయిలర్లో ఇలాంటివి నేను ఎన్ని..."

"మామగారూ, ఆ సుత్తి కింద పెట్టండి."

భార్య మెట్టు మీద కూలబడి ఫైలు మూసింది. మెకానిక్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

"పోనీండి. మీకొక మాట చెప్పలేదు. పోస్టుతో పాటు క్వార్టర్ ఇస్తారు. ఒకటే గది, ఇద్దరికే చోటు. వాళ్ళ అంబులెన్సులు చూసుకోవడానికి మెకానిక్ కూడా కావాలట. మనిద్దరం వెళ్దామనుకున్నాను. నాన్నా తమ్ముడూ ఇక్కడే ఉంటారు. ఉద్యోగం వచ్చాక చెబుదామని ఆగాను."

మెకానిక్ ఆమె వైపు చూశాడు. సుత్తి ఇంకా కింద పెట్టని మామగారి వైపు చూశాడు. మురిక్కాలవలో చెయ్యి పెట్టిన బావమరిది వైపు చూశాడు. తర్వాత నిట్టూర్చి చొక్కా జేబులో చెయ్యి పెట్టి, ఆమె అరచేతిలో ఒక వాషర్ ఉంచాడు.

"నాలుగోది ఇదిగో. నిన్న సాయంత్రం నేనే తీశాను. నువ్వు ఒక్కదానివే కొండ మీద ఉంటావనుకున్నాను. సాయంత్రాలు మీ నాన్న బాయిలర్‌ని ఆపేవాళ్ళు ఉండరని భయపడ్డాను. మూడో మలుపులో కారు ఆగిపోతే ఇంటికి తిరిగొచ్చేస్తామనుకున్నాను. ఇప్పుడు లెక్క సరిపోయింది కదా. ఒక్కటే వేసి, కాలవలో పడ్డ స్క్రూ బదులు వేరేది పెట్టి, పావుగంటలో అన్నీ బిగించేస్తాను. ఈలోగా లోపలికెళ్ళి నా బట్టలు కూడా సర్దెయ్."