తెలీదు రేవు

ఒక పెద్ద అడవిలో, మన ఊళ్ళలో లాగానే, అన్నీ తెలిసినవాళ్ళు చాలామంది ఉండేవారు. తెలియదని చెప్పేది మాత్రం ఒక్క ముళ్ళపంది. అందుకే దాని కథ చెప్పుకోవలసి వచ్చింది.

ఆ అడవి నడుమ మబ్బుకొండ ఉంది. దాని శిఖరం ఏనాడూ మబ్బులోంచి బయటికి రాలేదు. అప్పుడప్పుడు పైనుంచి గుర్రుమని ఒక చప్పుడు వచ్చేది. "అదిగో, కొండసామి మేలుకున్నాడు!" అని కొండముచ్చు చెంపలు వేసుకునేది. "సామీ లేడు, గీమీ లేడు. ఉత్త గాలి," అని గుడ్లగూబ కొట్టిపారేసేది.

చెట్లెక్కడంలో మొనగాడైన కొండముచ్చు ఆ కొండ మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. కాలు మోపితే అపచారమట. రెక్కలున్న గుడ్లగూబ అటువైపు ఎగరనే లేదు. లేనిదాన్ని చూడ్డానికి వెళ్ళడం తెలివితక్కువట.

ముళ్ళపంది రోజూ పొద్దున్నే బొరియ బయట నిలబడి కాసేపు కొండకేసి చూసేది. దణ్ణం పెట్టదు, వీపూ తిప్పదు. ఎందుకమ్మా అలా అంటే, "బాగుంటుంది నాయనా. పైన ఎవరైనా ఉంటే పలకరించినట్టుంటుంది. లేకపోయినా నా మనసు కుదుటపడుతుంది," అనేది.

ఆ ఏడాది ఎండలకు వాగులన్నీ ఎండి ఒక్క మడుగే మిగిలింది. అక్కడ దాహం కంటే వాదం ఎక్కువైంది. సభాధ్యక్షుడు ఏనుగుకి గొడవలంటే తలనొప్పి. కార్యదర్శి నక్క దాని చెవిలో ఉపాయం ఊదింది.

"అయ్యా, సామి ఉన్నాడనేవాళ్ళకి తూర్పు రేవు, లేడనేవాళ్ళకి పడమటి రేవు. మాట చెప్పాలి, నీళ్ళు తాగాలి. ఇక గొడవే ఉండదు."

ఏనుగు తలూపింది. నక్క మాత్రం పొద్దున తూర్పున దణ్ణం పెట్టి తాగేది, సాయంత్రం పడమట సామిని తిట్టి తాగేది.

ముళ్ళపంది తన చంటిపిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకి నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఉన్నాడా, లేడా?" అంది నక్క.

"నాకు తెలీదు బాబూ."

"తెలీదనే రేవు లేదమ్మా. జరుగు, వెనకాల జింకలున్నాయి."

కొండముచ్చు జాలిపడింది. "ఉన్నాడనవే తల్లీ, నీ సొమ్మేం పోయింది?" గుడ్లగూబ కూడా జాలిపడింది. "లేడని ధైర్యంగా చెప్పమ్మా. ఎందుకా భయం?"

"భయం కాదయ్యా. చూడనిదాన్ని చూసినట్టు ఎలా చెప్పను? సామి ఉంటే నా అబద్ధం వింటాడు. లేకపోతే ఆ అబద్ధంతో నేనొక్కదాన్నే కాపురం చెయ్యాలి."

పిల్ల మూలిగింది. ఏనుగు మనసు కరిగింది. "పోనీ, కొండెక్కి చూసిరా. వచ్చి ఏదో ఒకటి చెప్పు. అందాకా నీ పిల్లకి నేను నీళ్ళు పోస్తాను."

ముళ్ళపంది కాళ్ళు బొబ్బలెక్కేదాకా ఎక్కి, దిగి వచ్చింది. అడవంతా చుట్టూ మూగింది.

"పైనంతా మబ్బు. నా ముళ్ళే నాకు కనపడలేదు. 'ఎవరయ్యా ఉన్నారు?' అని పిలిచాను. ఏదో చప్పుడు వచ్చింది."

"పలికాడు!" అని కొండముచ్చు గెంతింది.

"ప్రతిధ్వని!" అంది గుడ్లగూబ.

"ఏదో నాకు తెలీదు. కానీ అక్కడ నిలబడితే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో, అదీ తెలీదు."

గుంపులోంచి ఒక కుందేలు మెల్లగా, "నిజం చెప్పాలంటే నాకూ తెలీదు," అంది. జింకలు మాకూ అంతేనన్నాయి.

గాలి ఎటు వీస్తోందో నక్కకి అర్థమైంది. దక్షిణాన 'తెలీదు రేవు' తెరిచి, దానికి తనే పెద్దై కూర్చుంది. ముళ్ళపంది ఒంటినుంచి రాలిన ముల్లొకటి తెచ్చి రాతి మీద నిలబెట్టి, పసుపు పూసి, 'ముళ్ళమ్మ' అని పేరు పెట్టింది. తూర్పున కొండముచ్చుకి పండు సమర్పించాలి, పడమట గుడ్లగూబ ఉపన్యాసం వినాలి. ఇక్కడ ఆ బాధ లేదు కదా అని అందరూ దక్షిణానికే వచ్చి పడ్డారు.

ముళ్ళపందీ, పిల్లా కొన్నాళ్ళు హాయిగా తాగాయి. జనం మరీ పెరిగేసరికి నక్క కొత్త ప్రశ్న పెట్టింది. "ఇక ముందైనా తెలుస్తుందా?" కళ్ళు మూసుకుని, "తెలీదు, ఎన్నటికీ తెలీదు," అన్నవాళ్ళకే నీళ్ళు.

ముళ్ళపంది వంతు వచ్చింది. "ఏమో నాయనా, తెలియొచ్చు. ఎండలు తగ్గాక మళ్ళీ ఎక్కి చూద్దామనుకుంటున్నాను."

"అపచారం!" అని అరిచింది కుందేలు. "తెలియొచ్చునట! ముళ్ళమ్మ మాటకే ఎదురు చెబుతుందా?"

"ముళ్ళమ్మని నేనే కదమ్మా!"

"నువ్వు కాదు, ఆ రాతిమీద ఉన్నావిడ!"

అందరూ కలిసి తోశారు. ముళ్ళపందిని తోస్తే ఏమవుతుంది? గుచ్చుకున్నవాళ్ళు కెవ్వుమంటూ మడుగులోకి దూకారు. సర్దిచెప్పడానికి ఏనుగు కూడా దిగింది. దాంతో మడుగంతా బురదైంది. మెడ దాకా కూరుకుపోయిన నక్క, ఎవరు లాగుతారో తెలియక, "ఉన్నాడు! లేడు! తెలీదు!" అని మూడూ అరిచింది.

ఆ సాయంత్రం కొండమీద మబ్బు కిందికి జారి కుండపోతగా కురిసింది. సామి దయ అంది కొండముచ్చు. రుతుపవనం అంది గుడ్లగూబ. వాన పడుతోందని ఒప్పుకోవచ్చా, కూడదా అని తెలీదు రేవువాళ్ళు సభ పెట్టారు. వాన వెలిసినా వాదన వెలవలేదు.

మబ్బంతా కురిసిపోవడంతో శిఖరం మొట్టమొదటిసారి బయటపడింది. వాదులాటలో ఉన్నవాళ్ళెవరూ తలెత్తలేదు. బొరియ ముందు నిలబడిన ముళ్ళపంది ఒక్కటే చూసింది. చూసి, అలాగే చాలాసేపు ఉండిపోయింది.

"అమ్మా, ఏం కనపడిందే?" అంది పిల్ల.

ముళ్ళపంది అటూ ఇటూ చూసి, "ముందు నీళ్ళు తాగు తల్లీ," అంది.

నీతి: తెలియదన్నందుకే గుడి కట్టి గెంటేశారు, తెలిసిందంటే బతకనిస్తారా?