అడుగు చేపకు పదోన్నతి

మత్స్యశాఖ మంత్రిగారి పేరు ఇకమీదట సముద్రగర్భంలోనూ మారుమోగుతుందని ప్రభుత్వం సగర్వంగా ప్రకటించింది. మా దీవి పక్కనున్న పగడపు దిబ్బ దగ్గర దొరికిన కొత్త రకం చేపకు వారి పేరు పెట్టారు. ఆ మహత్తర ఘట్టాన్ని కెమెరాలో బంధించే భాగ్యం శాఖ ఫొటోగ్రాఫర్‌నైన నాకు దక్కింది. చేప చిటికెన వేలంత ఉంది. ఫొటోలో అది కనపడలేదు గానీ మంత్రిగారు మాత్రం బ్రహ్మాండంగా పడ్డారు.

ఆ పేరు పెట్టింది పరిశోధనశాలలో పనిచేసే చేపల మేడమ్. ఆవిడ భక్తికి కారణం లేకపోలేదు. ఆ దిబ్బను తవ్వి పడవల రేవు కట్టే కాంట్రాక్టు మంత్రిగారి బావమరిదికి వచ్చింది. మరెక్కడా లేని ప్రాణి బతికే చోటును తవ్వకూడదని చట్టం.

"చట్టాన్ని ఎవరు లెక్కచేస్తారండీ? అదే తన పేరున్న చేపయితే, దాని ఇల్లు మంత్రి తనే కూలుస్తాడా చెప్పండి?" అని ఆవిడ నన్నడిగింది.

ఇంత తెలివైన మనిషి గవర్నమెంటు ఉద్యోగంలో ఎలా ఇరుక్కుందా అని ముచ్చటపడ్డాను.

మంత్రిగారు స్వయంగా ల్యాబుకు విచ్చేశారు. సీసాలోని చేపను చూసి మొహం చిట్లించారు.

"ఇదేంటమ్మా, ఇలా పాలిపోయింది?"

"స్పిరిట్‌లో రంగు పోతుంది సార్. బతికున్నప్పుడు నారింజ చారలుంటాయి."

"ఎక్కడుంటుంది?"

"అట్టడుగున సార్, రాళ్ల సందుల్లో. పొట్ట కింది రెక్కలు గిన్నెలా కలిసిపోయి రాయిని పట్టుకుంటాయి. ఒంట్లో గాలితిత్తి లేదు, అందుకే పైకి తేలలేదు. అవన్నీ చూసే అడుగు చేపల్లో వేశాం."



"అట్టడుగునా! వార్డు మెంబరు నుంచి ఇంతవాణ్ణయ్యాను. నా పేరు తీసుకెళ్లి రాళ్ల సందులో పెడతావా? రేపు ప్రతిపక్షంవాళ్లు నన్ను బతకనిస్తారా?"

వెంట వచ్చిన శాఖ కార్యదర్శిగారు ఇలాంటి సమయాల కోసమే పుట్టారు. "దాందేముంది సార్, కేటగిరీ మార్చేద్దాం. పనిచేయని మనుషులకే ప్రమోషన్లు ఇస్తున్నాం, చేపకివ్వలేమా?"

"అది పైన బతకలేదండీ," అంది మేడమ్ గాభరాగా.

"దాన్నెవరడిగారమ్మా?"

సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. సదరు చేప నేటి నుంచి ఉపరితల నివాసి. ఒక ప్రాణిని ఒక్క సంతకంతో అంత పైకి తెచ్చిన నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

మర్నాడు బావమరిదిగారు స్వీట్ల డబ్బాతో ల్యాబుకొచ్చాడు. చాలా మర్యాదస్తుడు.

"నోరు తీపి చేసుకో అక్కా! మీ చేప పైనే ఉంటుందటగా? ఇక అడుగు తవ్వుకుంటే దానికేంటి ఇబ్బంది? పర్మిషన్ వచ్చేసింది."

మేడమ్ డబ్బా వంక కూడా చూడలేదు. ఉన్నపళంగా కార్యదర్శి గదికి పరుగెత్తింది.

"అన్యాయం సార్! ఆ దిబ్బ పోతే అది ప్రపంచంలోనే ఉండదు!"

"పైనుండే చేపకి దిబ్బతో పనేంటమ్మా? ఉత్తర్వు చదవలేదా?"

ఆవిడ వరండా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నాకు మనసు చివుక్కుమంది. అయినా ఏం చేయను, నా చేతిలో ఉన్నది కెమెరా.

తవ్వకం జోరుగా సాగింది. పనులు చూడటానికి మంత్రిగారు పడవలో బయల్దేరారు. మేడమ్‌ని కూడా పట్టుబట్టి వెంటబెట్టుకొచ్చారు. వారికి మనసులో ఏదీ ఉండదు. దిబ్బ ఉన్నచోట నీళ్లు బురదగా, టీ రంగులో ఉన్నాయి. మంత్రిగారు పడవ అంచు మీంచి వంగి చూసి, చిన్నపిల్లాడిలా కేక పెట్టారు.

"అమ్మాయ్, ఇటు చూడు! నారింజ చారలు! ఎన్నున్నాయో! పైకి తేలవన్నావుగా?"

కార్యదర్శిగారు చప్పట్లు కొట్టారు. బావమరిదిగారు ఈల వేశాడు.  మేడమ్ ఒకదాన్ని దోసిట్లోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయింది.

"ఫొటో తియ్యవయ్యా, చేపలు కూడా పడాలి!" అన్నారు మంత్రిగారు.

తీశాను. ఈసారి మంత్రిగారికంటే చేపలే బాగా పడ్డాయి. అన్నీ ఉబ్బిన పొట్టలు పైకి పెట్టి, ఒక్కటీ కదలకుండా పోజిచ్చాయి.