ఆదర్శ కుటుంబానికి మూడు రోజుల సముద్రం

ప్రతి కుటుంబమూ ఏడాదికి మూడు రోజులు సముద్రం ఒడ్డున ఆనందించి తీరాలని పర్యాటక శాఖ మంత్రిగారు ప్రకటించారు. 'తీరాలి' అన్నచోట బల్ల కూడా గుద్దారు. పథకం పేరు 'ఇంటింటికీ సముద్రం'. ఈ పేరు వినగానే తీరానికి దగ్గర్లో కాపురముంటున్నవాళ్ళు కొందరు కంగారుపడి సామాన్లు సర్దుకున్నారన్న వార్తను శాఖ తీవ్రంగా ఖండించింది.

ప్రకటనను టైపు చేసినవాడు ఆ శాఖలోని సీనియర్ టైపిస్టు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. 'బంగారు ఇసుక తిన్నెలు', 'ఉవ్వెత్తున లేచే నీలి కెరటాలు' లాంటివి కళ్ళు మూసుకుని కొట్టగలడు. సముద్రాన్ని మాత్రం కళ్ళు తెరిచి ఒక్కసారీ చూడలేదు. ఈ వేసవికి తప్పకుండా తీసుకెళ్తానని ఏటా భార్యకి చెప్పేవాడు. ఏటా వేసవిలోనే ఆ శాఖకి పని నెత్తి మీద కూర్చునేది. తొమ్మిదేళ్ళ కూతురైతే ఈ మధ్య ఆ మాట వినబడగానే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతోంది.

పథకం ప్రారంభానికి ఒక ఆదర్శ కుటుంబం కావలసి వచ్చింది. డైరెక్టరుగారు తమ కుటుంబాన్నే పంపేవారు గానీ, ఆ వారం వాళ్ళు విదేశంలో, వేరే ప్రభుత్వం వారి సముద్రం దగ్గర ఉన్నారు. అందుకని టైపిస్టుని పిలిచారు.

"ఏమయ్యా, నీకు భార్య ఉందా?"

"ఉందండి."

"పిల్లలు?"

"ఒక్కతే కూతురండి."

"నవ్వుతారా?"

"కారణం ఉంటే నవ్వుతారండి."

"కారణం సంగతి శాఖ చూసుకుంటుంది. సోమవారం బయల్దేరండి."

ఇంట్లో చెబితే భార్య నమ్మలేదు. "ఆఫీసు పనేం తగలదుగా?" అంది.

"ఇదే ఆఫీసు పని," అన్నాడు.

కూతురు పక్కగదిలోంచి తొంగిచూసింది. "నీళ్ళలో దిగనిస్తారా నాన్నా?"

"దిగనివ్వకపోతే ఇంకెందుకమ్మా వెళ్ళడం!"

మొదటిరోజు ఉదయం ఒడ్డున నాలుగు కుర్చీలు వేశారు. ఎండ మంత్రిగారి కళ్ళలో పడకూడదు కాబట్టి ఆయన కుర్చీని సముద్రం వైపు వీపు పెట్టి వేశారు. మంత్రిగారు ఎటు చూస్తే ఆదర్శ కుటుంబమూ అటే చూడాలి కాబట్టి వాళ్ళ కుర్చీలూ అలాగే వేశారు. వెనకనుంచి హోరు వినిపిస్తోంది. పిల్ల మెడ తిప్పబోయినప్పుడల్లా ఫొటోగ్రాఫరు, "పాపా, ఇటు!" అన్నాడు. పక్కనే ఒక ఇసుక కోట ఉంది. దాన్ని ఇంజనీరింగ్ విభాగం వారం రోజులు కష్టపడి కట్టింది. ముందర 'తాకరాదు' అని బోర్డు కూడా పెట్టింది.

ఇక నైట్‌లైఫ్. ఫొటోలు సాయంత్రం ఆరింటికల్లా పత్రికలకి చేరాలి కాబట్టి దాన్ని మధ్యాహ్నం మూడింటికి, హాలు కిటికీలకి నల్లగుడ్డలు కట్టి నిర్వహించారు.

"మాకు డాన్సు రాదండి," అంది టైపిస్టు భార్య మొహమాటంగా.

"మీరు కదలక్కర్లేదమ్మా. లైట్లు మేం కదిలిస్తాం," అన్నారు డైరెక్టరుగారు. లైట్లు అద్భుతంగా కదిలాయి.

రెండోరోజు ఫ్యామిలీ అట్రాక్షన్స్. వంద అడుగుల జెయింట్ వీల్‌ని మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి ప్రారంభించారు. మోటారు ఇంకా మంజూరు కాలేదు. అయినా శాఖ వెనకడుగు వేయలేదు. పన్నెండుమంది సిబ్బంది భుజాలతో నెట్టి ఆదర్శ కుటుంబాన్ని శిఖరానికి చేర్చారు. అంతలో ఉపన్యాసం మొదలైంది. పన్నెండుమందీ చప్పట్లు కొట్టడానికి వెళ్ళిపోయారు.

ఉపన్యాసం యాభై నిమిషాలు సాగింది. ఆ యాభై నిమిషాలూ ముగ్గురూ పైనే ఉన్నారు. అక్కడ "ఇటు చూడండి" అనేవాడెవడూ లేడు. టైపిస్టు మొదటిసారి సముద్రాన్ని కళ్ళారా చూశాడు. చెప్పడానికి పద్దెనిమిదేళ్ళ మాటలున్నాయి గానీ ఒక్కటీ నోటికి రాలేదు. కూతురు కిందికి దిగాలన్న మాటే మరిచిపోయింది.

సముద్రం మీంచి చూపు తిప్పకుండానే భార్య, "రేపు నేను దిగుతాను," అంది.

"ఎలాగూ దించుతారులే. ఉపన్యాసం అవనీ."

"దీని మీంచి కాదు. నీళ్ళలోకి. మీరు వచ్చినా, రాకపోయినా."

మూడోరోజు ముగింపు సభ. వందన సమర్పణ మొదలవుతుండగా భార్య పిల్ల చెయ్యి పట్టుకుని వేదిక వెనకనుంచి నడిచిపోయింది. టైపిస్టు కుర్చీలోనే ఉన్నాడు. రావలసిన ప్రమోషన్ గుర్తొచ్చింది. డైరెక్టరుగారి మొహం గుర్తొచ్చింది. ఇంతలో గాలి వాటున కూతురి నవ్వు వినిపించింది. శాఖ చూపించిన ఏ కారణానికీ అది అలా నవ్వలేదు. అతను లేచి చెప్పులు చేత పట్టుకున్నాడు, ప్యాంటు పైకి మడిచాడు, నడిచాడు.

చల్లటి నీళ్ళు పిక్కలకి తగలగానే "అబ్బా!" అన్నాడు. భార్య అతని మొహాన దోసెడు నీళ్ళు కొట్టింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె అలాంటి పని చేయడం అదే మొదలు.

అక్కడ సభలో మైకు గగ్గోలు పెట్టింది. "ఆదర్శ కుటుంబం కనబడటం లేదు! ఆదర్శ కుటుంబం నీళ్ళలో ఉంది!"

మంత్రిగారు ఒక్క ఉదుటున లేచారు. ఆపదలో ఉన్న ప్రజల్ని చూసి ఆయన ఆగలేరు. "ఫొటోగ్రాఫరేడీ?" అని మాత్రం అడిగి, మెడలో దండతో, కాళ్ళకి బూట్లతో, పరుగున వచ్చి నీళ్ళలో దిగారు. నాలుగో అడుగులో ఒక చిన్న అల వచ్చింది. మంత్రిగారు చతికిలబడ్డారు. రెండో అల తలమీదుగా పోయింది. కాసేపు దండ ఒక్కటే పైన కనబడింది.

అందరికన్నా దగ్గరగా ఉన్నది టైపిస్టు భార్య. "అయ్యో పాపం, లేవండి బాబూ," అంటూ కాలరు పట్టుకుని పైకి లాగింది. ఫ్లాష్ వెలిగింది.

మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో ఆ ఫొటోయే. 'మునిగిపోతున్న గృహిణిని ప్రాణాలకు తెగించి కాపాడుతున్న మంత్రి.' వారంలో మంత్రిగారికి సాహస పతకం ప్రకటించారు. ప్రజల క్షేమం దృష్ట్యా, ఇకపై ఎవరూ సముద్రానికి రెండు వందల గజాల లోపలికి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. పథకం యథాతథంగా కొనసాగుతుందని కూడా అందులోనే ఉంది.

పతకం ఫైలులో పెట్టడానికి బాధితురాలి కృతజ్ఞతా లేఖ ఒకటి తక్కువైంది. డైరెక్టరుగారు చెప్పారు, టైపిస్టు కొట్టాడు, సంతకానికి ఇంటికి తెచ్చాడు.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి రెండుసార్లు చదివింది.

"'మెడలోతు నీళ్ళు' అని టైపు కొట్టారేమండీ? మోకాళ్ళ దాకానే కదా ఉన్నాయి?"

"మనకి మోకాలే," అన్నాడు టైపిస్టు, పెన్ను మూత తీసి అందిస్తూ. "ఆయనకి మెడే కదా!"