ట్యాంకరు తెచ్చిన వరద

ఆ గురువారం పొద్దున జహ్రాన్ చేతిలో ఉన్నవి ఒక పికప్ బండి, ఒక నీళ్ల ట్యాంకరు, ఎవరూ కొనని పచ్చ చాపల గుట్ట, వాదీ అనే ఎండిన ఏటి ఇసుకలో మంచి చోటు. వాన వస్తే వాదీ ఏరు, రాకపోతే సంత. ఏడాదిలో ఎక్కువ భాగం సంతే.

చాపలు పరుస్తుండగా అన్న కూతురు రయ్యా వచ్చింది. ఆమె ఊరి బడిలో సైన్సు చెబుతుంది.

"బాబాయ్, నీ ట్యాంకరు కాసేపు ఇప్పించు. ఎండిన నేల నీళ్లు తాగదని పిల్లలకి చూపించాలి."

"తాగని నేలకి నీళ్లు పోయడమెందుకమ్మా? పుస్తకంలో బొమ్మ లేదా?"

"బొమ్మ తడవదు కదా."

"సరే. సాయంత్రం ఆ పిల్లల తల్లులందర్నీ నా పందిరి ముందు నుంచి నడిపించుకురా."

బేరం కుదిరింది. ట్యాంకరు, పిల్లలు ఎగువన మలుపు దాటి వెళ్లారు. కుళాయి కొంచెమే తిప్పమని రయ్యా డ్రైవరు షంబేకి చెప్పింది. షంబేకి తెలిసిన కుళాయికి రెండే స్థితులు, మూయడం, తెరవడం. తెరిచేసి టీ తాగడానికి వెళ్లాడు.

ఎండకి కాలి పెంకులా గట్టిపడిన మట్టి చుక్క కూడా తాగలేదు. నీళ్లు ఎండుటాకులనీ మేకపెంటికలనీ నురగతో ముందుకు తోసుకుంటూ, పెద్ద వరదకి చిన్న తమ్ముడిలా మలుపు తిరిగాయి.

మలుపు దగ్గర ఒడ్డున కారులో కునుకు తీస్తున్న హుమైద్ తాత కళ్లు తెరిచాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు, వాదీలో నీళ్లు. కొత్తవాడైతే ఎక్కడివని అడిగేవాడు. ఒమన్ వాడు అడగడు. వాన ఎక్కడో కొండల్లో కురుస్తుంది, వరద ఎండలో ఇక్కడికొస్తుంది. ముందు చూసినవాడు హారన్ కొట్టాలి, విన్నవాడు కిందివాడికి కొట్టాలి, ఆరాలు తర్వాత. తాత హారన్ మీద ఒరిగాడు.

కబురు మేకల సంతకి చేరేసరికి అందులో నీళ్లు మోకాలి లోతయ్యాయి. ఖర్జూరాల వాళ్ల దగ్గర ఒక ఒంటె కొట్టుకుపోయింది. జహ్రాన్ దాకా వచ్చేసరికి ఒంటె పోయి ట్యాంకరు వచ్చింది.

"ఏ ట్యాంకరు?"

"నీళ్ల ట్యాంకరేనట. పక్కన బడిపిల్లలు కూడా ఉన్నారట."

జనం బండ్లూ మేకలూ ఒడ్డుకి ఎక్కిస్తుంటే జహ్రాన్ చాపల గుట్టని వాళ్ల మీదికి విసిరేసి, ఒక చెప్పు ఇసుకలోనే వదిలి ఎగువకి పరిగెత్తాడు.

"రయ్యా! బతికే ఉన్నావా?"

"ఉన్నాను బాబాయ్. ట్యాంకరూ ఉంది. నీళ్లే లేవు."

అందరూ కలిసి తిరిగి వచ్చేసరికి ఊరంతా ఒడ్డున కాఫీ ఫ్లాస్కులతో ఆయన చాపల మీదే కూర్చుని ఉంది. వాదీ వస్తే ఎవరూ ఇంట్లో ఉండరు. వాళ్ల కళ్లముందే ఆ సన్నటి ధార ఇసుకలో కలిసి ఆరిపోయింది.

"జహ్రాన్, ఈసారి వరద పెట్టేటప్పుడు రెండు ట్యాంకర్లు తేవయ్యా."

"తేవాల్సిందే. ఇది మా మేకలకే ఒక గుక్క తక్కువైంది," అన్నాడింకొకడు.

నవ్వుకుంటూ మళ్లీ ఇసుకలోకి దిగబోయారు. అప్పుడు షంసా అనే పిల్ల రయ్యా చెయ్యి లాగింది. "టీచర్, కొండ నల్లగా ఉంది."

రయ్యా చూసింది. వెంటనే దారికి అడ్డంగా నిలబడింది. "ఎవరూ దిగొద్దు. ఆ రాళ్ల మీద వాన నిలవదు, ఈ నేల తాగదు. అదంతా ఇటే రావాలి."

"ఇంకో ట్యాంకరా అమ్మాయ్?"

మలుపు దగ్గర మళ్లీ హారన్ మోగింది. "తాత హారన్ మీదే నిద్రపోయాడు," అన్నారెవరో.

జహ్రాన్ పొద్దున్నే ఒకసారి భయపడి ఉన్నాడు. అది వృథా పోవడం ఇష్టం లేక అన్న కూతురి పక్కన నిలబడ్డాడు. "కూర్చోండి. ఉన్న కాఫీ అయ్యాకే దిగుదురుగాని."

కాఫీ అవలేదు. రాళ్ల లారీ బోర్లించినట్టు చప్పుడైంది. మలుపు నుంచి గోధుమరంగు గోడ ఒకటి చెట్లని మోసుకుంటూ వచ్చి, ఆయన పందిరిని గుంజలతో సహా ఊడ్చుకుపోయింది. తర్వాత ఒక ముసలమ్మ తను కూర్చున్న చోటు తడిమి చూసుకుంది.

"జహ్రాన్, ఈ చాప ఎంతకిస్తావు నాయనా? చాలా కలిసొచ్చిన చాప."

ఆ మాట విని పక్కవాళ్లు తమ చాపలు గట్టిగా పట్టుకున్నారు.

పొద్దు వాలేలోగా లెక్క తేలింది. పోయినవి ఒక పందిరి, ఒక చెప్పు. అమ్ముడుపోకుండా చాప ఒక్కటీ మిగల్లేదు, మనిషి ఒక్కడూ పోలేదు. వాదీకి అప్పిచ్చిన ట్యాంకరు నీళ్లు వడ్డీతో సహా తిరిగి వచ్చాయి.