చక్రవర్తి ముఖం సరిపోలేదు

బంగారు నాణెం మీదున్న రోమన్ చక్రవర్తి వలేరస్ నడుం పట్టేసిందని మంగళవారం పొద్దున కిందికి దిగి, మ్యూజియం ఆవరణలో రెండు చుట్లు తిరిగొచ్చేసరికి, ముఖం సరిపోవడం లేదని మళ్లీ ఎక్కనివ్వలేదు. పదిహేను వందల ఏళ్లు భుజాన ఈటెతో నిలబడ్డ మనిషికి నడుం పట్టడంలో వింతేమీ లేదు. ఇలా దిగి ఎక్కేవాళ్ల కోసం అక్కడ దాక్షాయణి అనే గుమాస్తా ఉంది.

ఆమె ముఖాలు పోల్చే యంత్రం ఆయన ముఖానికి చూపించింది. ఎర్రదీపం వెలిగింది.

"మీరు మీరు కాదంటోందండీ."

"ఆ బొమ్మ నాది కాదమ్మా. మా టంకశాలవాళ్లు నా మొహం ఎన్నడూ చూడలేదు. చక్రవర్తి మారినప్పుడల్లా పాత బొమ్మే ఉంచి, చుట్టూ పేరు మార్చి కొట్టేవాళ్లు."

"అది మీవాళ్ల తప్పు, మేమేం చేస్తాం? ఐదింటికల్లా ఏదో ఒక నాణెం ఎక్కకపోతే మిమ్మల్ని బంగారం కింద రాసి కరగబెడతారు. బొమ్మ మార్చే అధికారం మాకు లేదు. మొహమైతే పక్కగదిలో మారుస్తారు."

వలేరస్‌కి నిజంగానే భయమేసింది. కత్తిపోటుతో ఒకసారి చచ్చాడు. రెండోసారి చావాలని లేదు.

పక్కగది జిల్లా మొత్తానికీ ఒక్కటే. రేషన్‌వాళ్లు, పింఛనువాళ్లు కూడా అక్కడే బారులు తీరి ఉన్నారు. తన వంతు వచ్చాక ఆయన ముక్కు నిటారుగా, కళ్లు గుండ్రంగా చేయించుకుని వచ్చాడు. ఈసారి పచ్చదీపం వెలిగింది.

"గ్రాటస్ గారూ, ఎక్కండి," అంది దాక్షాయణి.

"గ్రాటసా! వాడు నన్ను పొడిపించి గద్దెనెక్కినవాడమ్మా!"

"ఆయనా ఇవాళే దిగారండీ. మీకంటే ముందే మొహం మార్పించుకున్నారు. యంత్రం వలేరస్ అంటే, పేచీ పెట్టకుండా మీ నాణెం ఎక్కేశారు. పెద్దమనిషి."

పక్కగది రేషన్ వరసలోంచి వచ్చిన హుస్సేన్‌బీ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎక్కు నాయనా. మా అక్క చచ్చిపోయి చానా ఏళ్లయింది. యంత్రం నన్ను అక్కే అంది. కాదంటే బియ్యం ఇయ్యరుగా! ఆమె పేరు మీదే తింటన్నా."

"మరి చచ్చిపోయింది ఎవరని రాశారమ్మా?"

"నేనని," అంది హుస్సేన్‌బీ.

ఐదు కావస్తోంది. ఆయన ఎక్కాడు.

మర్నాడు బడిపిల్లలు వచ్చారు. వలేరస్‌ని చంపించిన దుర్మార్గుడు వీడేనని మాస్టారు చూపిస్తే అందరూ ఛీ కొట్టారు. వాళ్లు వెళ్లిపోయాక దాక్షాయణి నాణేల అద్దాలపెట్టె దగ్గరికొచ్చి, "గ్రాటస్ గారూ, నడుం బాగానే ఉందాండీ?" అని అడిగింది.

ఆయన మొదటి పిలుపుకే పలికాడు.