ఎర్ర దీపం ముందు నలభై మంది

దేవుడు చూస్తున్నాడని తప్పు చేయనివాడు మంచివాడా, పక్కవాళ్లు చూస్తున్నారని చేయనివాడు మంచివాడా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. మా పాస్టరుగారిని అడిగితే ఆదివారం చర్చికి రమ్మన్నారు. డెట్లెఫ్ సంగతి తెలిశాక అది ఇంకాస్త ముదిరింది.

డెట్లెఫ్ రిటైరైన బడిపంతులు. భార్య ఇర్మ్‌గార్డ్‌తో ఓడ ప్రయాణంలో ఉన్నాడు. ఒక రోజు ఓడ బాల్టిక్ సముద్ర తీరంలోని మా చిన్న ఊళ్లో ఆగింది. పొద్దున కాఫీ తాగుతూనే అతను కాగితం మీద రాసుకున్నాడు: లైట్‌హౌస్, చర్చి, ఇసుకలో గంట నడక, చేప బన్ను, నాలుగుంపావుకి రేవు. ఓడ నాలుగున్నరకి బయలుదేరుతుంది. అన్నీ నిమిషం తేడా లేకుండా జరిగాయి. ఇక రేవుకీ వాళ్లకీ మధ్య ఒక్క రోడ్డే మిగిలింది.

నడిచేవాళ్ల సిగ్నల్ ఎర్రగా ఉంది. పచ్చ దీపం కోసం స్తంభానికున్న మీట నొక్కి డెట్లెఫ్ నిలబడ్డాడు. ఐదు నిమిషాలైనా దీపం మారలేదు. రోడ్డు మీద కారు కాదు కదా, సైకిలు కూడా లేదు.

"డెట్లెఫ్, ఇది పాడైంది. దాటేద్దాం," అంది ఇర్మ్‌గార్డ్.

"అవతల పాప చూస్తోంది."

నిజమే. ఆరేళ్ల పాప ఒకతి ఐస్‌క్రీం నాకుతూ వాళ్లనే చూస్తోంది. మా వైపు పిల్లల ఎదుట ఎర్ర దీపం దాటడమంటే ప్రార్థన మధ్యలో ఈల వేయడమే.

ఓడకు తిరిగి వెళ్తున్న మరో జంట వచ్చి, ముందున్నవాళ్లు ఆగారంటే ఏదో కారణం ఉంటుందనుకుని ఆగింది. తర్వాత వచ్చినవాళ్లు ఈ నలుగురిని చూసి అలాగే అనుకున్నారు. పది నిమిషాల్లో నలభై మందయ్యారు. ఇప్పుడు దాటితే పాపతో పాటు వెనకున్న ముప్పై ఎనిమిది మందీ చూస్తారు. ముందున్న చౌరస్తాకు వెళ్లి అక్కడ దాటుదామని ఎవరో అన్నారు గాని, వరుసలో చోటు పోతుందని ఒక్కరూ కదల్లేదు.

ఓడ కూత పెట్టింది. ఇర్మ్‌గార్డ్ గడియారం చూసింది: సరిగ్గా నాలుగున్నర. బట్టలు, మందులు, పాస్‌పోర్టులు అన్నీ ఓడలోనే ఉన్నాయి.

"వెళ్లిపోతోంది. నీ ఆదర్శం కప్పుకుని ఇక్కడే పడుకో."

"కంగారు పడకండి," అన్నాడు వెనక చేప బన్ను తింటున్న పొడుగాటి మనిషి. "నేను ఎక్కందే అది కదలదు. కెప్టెన్‌ని."

"మరి మీరైనా దాటొచ్చుగా?" అంది ఇర్మ్‌గార్డ్.

"పాప ఉందిగా."

ఈలోగా ఐస్‌క్రీం అయిపోయింది. పాప అటూ ఇటూ చూసి, రోడ్డు దాటి, తిన్నగా డెట్లెఫ్ దగ్గరికే వచ్చింది.

"ఇది గురువారం నుంచి పనిచేయట్లేదు తాతా. మేమంతా చూసుకుని దాటేస్తున్నాం. మీరెంతసేపు నిలబడతారో చూద్దామని ఆగాను."

నలభై మందీ తలలు వంచుకుని దాటారు. ఓడ మెట్ల దగ్గర డెట్లెఫ్ ఇర్మ్‌గార్డ్ వైపు తిరిగి, "నువ్వు చెప్పిందే రైటు," అన్నాడు. నలభై రెండేళ్ల కాపురంలో అతను ఆమెకు బాకీపడ్డ మాట అది. సాక్షిగా కెప్టెన్ పక్కనే ఉన్నాడు కాబట్టి, ఆమె దాన్ని ఇంకోసారి చెప్పించుకుంది.